బొట్టు పెట్టిన సర్వర్

2022, మాఘమాసం. గుంటూరు చుట్టుపక్కల మిర్చి కోల్డ్ స్టోరేజీలకు ఉష్ణోగ్రత చూసే కంప్యూటర్లు అమర్చే ఒక చిన్న కంపెనీలో నేను లినక్స్ అడ్మినిస్ట్రేటర్‌ని, అంటే ఆ కంప్యూటర్లను నడిపించే సాఫ్ట్‌వేర్ బాగోగులు చూసే మనిషిని. మా ఊరు చీరాల. ఇంట్లో అందరూ మగ్గం మీద బతికినవాళ్ళే. పోగు తెగితే ఎక్కడ తెగిందో వేలితో తడిమి చెప్పేస్తారు. నా పనిలో తెగింది కంటికి కనపడదు, వేలికి తగలదు. ఈ పని ఎలా ఉంటుందని చాలామంది అడుగుతుంటారు కాబట్టి ఒక్క కేసు చెబుతాను. ఇందులో నా గొప్పతనం ఏమీ లేదని ముందే చెప్పేస్తున్నాను, తర్వాత నన్ను తిట్టుకోవద్దు.

కల్లాల్లో ఎండిన మిర్చిని టిక్కీలకు, అంటే గోనె బస్తాలకు ఎత్తి, మంచి ధర వచ్చేదాకా కోల్డ్ స్టోరేజీలో దాచుకుంటారు. ఒక్కో చాంబర్‌లో వేల టిక్కీలు పడతాయి. లోపల చలి ఆరు డిగ్రీల దగ్గర నిలబడాలి. అది పెరిగితే కాయ రంగు తిరుగుతుంది, చెమ్మ పట్టి బూజు వస్తుంది. ప్రతి చాంబర్‌లో సెన్సర్లు ఉంటాయి. అవి చెప్పిన అంకెను ఆఫీసు గదిలోని మా సర్వర్ తెర మీద చూపిస్తుంది. ప్లాంట్ ఆపరేటర్ ఆ అంకె చూసి చలి పుట్టించే అమ్మోనియా కంప్రెసర్లు నడుపుతాడు.

ఇలాంటి సర్వర్లు నలభై చోట్ల ఉండేవి. వాటిలో ప్రోగ్రాములు మార్చాల్సినప్పుడల్లా నలభై ఊళ్ళు తిరగలేం. లినక్స్‌లో ప్యాకేజ్ మేనేజర్ అని ఒకటి ఉంటుంది. ప్రోగ్రామును మూటగట్టినదే ప్యాకేజ్. ఆ మూటలన్నీ ఉండే గోడౌన్ పేరు రిపోజిటరీ. గోడౌన్ చిరునామా రాసిన చిన్న ఫైలు ప్రతి సర్వర్‌లోనూ ఉంటుంది. వారానికోసారి సర్వర్ ఆ చిరునామాకు వెళ్ళి కొత్త మూట వచ్చిందేమో చూసి, ఉంటే తనే తెచ్చుకుని విప్పుకుంటుంది. మనిషి చెయ్యి పెట్టక్కర్లేదు.

మా గోడౌన్‌లో రెండు గదులు. ఒకటి టెస్ట్, ఇంకోటి లైవ్. టెస్ట్‌లో ఉన్నవి మా ఆఫీసులో ప్రయోగాలకు, లైవ్‌లో ఉన్నవి కోల్డ్ స్టోరేజీలకు. రెండు రకాల చిరునామా ఫైళ్ళు ఉంచితే ఎవరో ఒకరు తారుమారు చేస్తారని నేనొక తెలివైన ఏర్పాటు చేశాను. ప్యాకేజ్ మేనేజర్‌లో మనకు కావలసిన వేరియబుల్స్, అంటే తర్వాత నింపుకునే ఖాళీలు, మనమే పెట్టుకోవచ్చు. చిరునామాలో గది పేరు ఉండాల్సిన చోట డాలర్ గుర్తు పెట్టి ‘విడత’ అని రాశాను. వేరే ఫోల్డర్‌లో ‘విడత’ అనే పేరుతోనే చిన్న ఫైలు పెట్టి, అందులో ఒక్క మాట రాశాను: టెస్ట్ లేదా లైవ్. సర్వర్ ఆ మాట తీసుకుని చిరునామాలో ఖాళీ నింపుకుంటుంది. చిరునామా ఫైలు నలభై చోట్లా ఒకటే, తేడా ఆ ఒక్క మాటలోనే. మా డైరెక్టర్ శ్రీధర్ గారు అందరి ముందూ మెచ్చుకున్నారు. నేనూ మురిసిపోయాను.

ఆ మాఘమాసంలో గుంటూరు బయట ఒక కొత్త కోల్డ్ స్టోరేజీ ప్రారంభం. ముహూర్తం పెట్టేశారు. హైదరాబాద్ నుంచి రావాల్సిన సర్వర్ మాత్రం రాలేదు. తెర మీద అంకె వెలగకపోతే యజమాని ఊరుకోడు. అందుకని మా ఆఫీసులో ప్రయోగాలకు వాడే సర్వర్‌నే కారు డిక్కీలో వేసుకుని వెళ్ళాం. రెండు రోజులకే కదా, కొత్తది రాగానే మార్చేద్దామనుకున్నాం.

అక్కడ దాని పేరు మార్చాను, నెట్‌వర్క్ నంబరు మార్చాను, టెస్ట్ ప్రోగ్రాము తీసేసి లైవ్ ప్రోగ్రామును నా చేత్తో ఎక్కించాను. చిరునామా ఫైలు కూడా తెరిచి చూశాను. అన్నిచోట్లా ఉన్నట్టే ఉంది, ఉండదా మరి, అన్నిచోట్లా ఒకేలా ఉండాలని రాసింది నేనే కదా! విడత ఫైలు మాత్రం తెరవలేదు. పురోహితుడు తొందర పెడుతున్నాడు, కొబ్బరికాయ కొట్టారు, యజమాని భార్య సర్వర్ పెట్టెకు పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టి, బంతిపూల దండ వేసింది. నాలుగు చాంబర్ల అంకెలూ తెర మీద వెలిగాయి. అందరం చప్పట్లు కొట్టాం.

రెండు రోజులకు కొత్త సర్వర్ పట్టుకుని వెళ్తే యజమాని చెయ్యి అడ్డం పెట్టాడు.

“బొట్టు పెట్టిన మిషన్ని ఎట్లా తీస్తారమ్మాయ్? ముహూర్తాన వెలిగింది అది. దాన్ని కదిపితే నేనొప్పుకోను. కొత్తది నువ్వే ఆఫీసులో పెట్టుకో.”

మా వైపు ఇది మామూలే. పూజ చేసిన కంప్రెసర్ పాడైనా అమ్మరు, మూలన పెట్టి అగరొత్తి వెలిగిస్తారు. శ్రీధర్ గారికి ఫోన్ చేస్తే, “పోనీలే సుజాతా, పనిచేస్తోందిగా, ఉంచేసెయ్” అన్నారు. ఉంచేశాను. విడత ఫైలులో ‘టెస్ట్’ అనే మాట అలాగే ఉండిపోయింది. ఆ ఫైలు లేకపోయినా బాగుండేది. చిరునామా పూర్తికాక సర్వర్ మొదటి వారమే ఎర్రర్ చూపించి గోల చేసేది. ఫైలు ఉంది, అందులో మాటా ఉంది, అది తప్పు మాట. అందుకే నోరు మూసుకుని సక్రమంగా పనిచేసుకుపోయింది.

జూన్‌లో మా ప్రోగ్రామర్లు కొత్త రకం సెన్సర్ల కోసం కొత్త వెర్షన్ తయారుచేసి టెస్ట్ గదిలో పెట్టారు. మా ఆఫీసులో చల్లని చాంబర్ లేదు కదా, కొనేవాళ్ళకు చూపించాలంటే తెర మీద ఏదో ఒక అంకె కదలాలి. అందుకని సెన్సర్ జవాబు ఇవ్వకపోతే ఆరు చుట్టూ ఉత్తుత్తి అంకెలు వేసేట్టు రాశారు. ఆఫీసు గోడలు దాటనంతవరకు అందులో తప్పులేదు. ఒక ఆదివారం బొట్టు పెట్టిన సర్వర్ టెస్ట్ గదికి వెళ్ళి ఆ మూట తెచ్చుకుంది. ఆ కోల్డ్ స్టోరేజీలో మూడు చాంబర్లకు కొత్త సెన్సర్లు ఉన్నాయి. మూడో చాంబర్‌లోవి మాత్రం యజమాని తన పాత కోల్డ్ స్టోరేజీ నుంచి విప్పి తెచ్చినవి. వాటితో మాట్లాడటం ఆ కొత్త వెర్షన్‌కు చేతకాదు. ఆ రోజు నుంచి మూడో చాంబర్ అంకె ఉత్తుత్తి అంకె.

అక్కడి ప్లాంట్ ఆపరేటర్ పేరు దేవదానం. అమ్మోనియా ప్లాంట్ల మీద పంతొమ్మిదేళ్ళ అనుభవం. యాభై దాటిన మనిషి, చెవులకు ఎప్పుడూ మఫ్లర్ చుట్టుకుని ఉండేవారు. మా సర్వర్ పెట్టాక చాంబర్లలోని గాజు థర్మామీటర్లు తీయించేశారు. దానికొక అంకె, దీనికొక అంకె ఉంటే తనిఖీకి వచ్చినవాళ్ళతో పేచీ అని అక్కడి మేనేజర్ వాదన. నేనూ వంత పాడాను.

జూన్ చివర్లో ఒక పొద్దున ఆయన నాకు ఫోన్ చేశారు.

“అమ్మా, మూడో చాంబర్లో చలి చాలట్లేదమ్మా. మీ తెర మీదేమో ఆరే చూపిస్తంది. కాయిల్స్ మీద మంచు గడ్డకట్టి గాలి ఆడట్లేదని నా అనుమానం. కరిగిద్దామంటే మేనేజర్ గారు ఒప్పుకోట్లేదు. అంకె బానే ఉందిగా, ఊరికే ప్లాంటు ఆపుతావేందని అరుస్తన్నారు. ఒకసారి మీరు చూడండి.”

“మీకెలా తెలిసింది చాలట్లేదని?”

“లోపలికి పోతే తెలవదా అమ్మా? ఒళ్ళు చెప్తంది.”

నేను ఆఫీసులో కూర్చునే ఆ సర్వర్‌లోకి వెళ్ళాను. మూడో చాంబర్ గ్రాఫ్ తెరిచాను. 5.9, 6.1, 6.0, 6.2. వారం రోజుల గీత, ఎక్కడా చిన్న ఎత్తు కూడా లేదు. నిజమైన చాంబర్ గ్రాఫ్ అలా ఉండదు. హమాలీలు తలుపు తీసినప్పుడల్లా అంకె ఎగురుతుంది. ఆరేళ్ళుగా అవే గ్రాఫులు చూస్తున్నదాన్ని, నాకు అనుమానం రావాలి. రాలేదు సరికదా, ముచ్చటేసింది.

“అంతా కరెక్టుగానే ఉందండీ. మీ ఒంటికి అలవాటైపోయి ఉంటుంది” అన్నాను. ఆ మాట అన్నప్పుడు నవ్వాను కూడా.

ఆయన, “సరేనమ్మా, మీకు తెలియనిదా” అని పెట్టేశారు. ప్రతి ఫోనుకూ మేము ఒక టికెట్, అంటే ఫిర్యాదు నమోదు రాయాలి. ‘వాడేవారి అపోహ, లోపం లేదు’ అని రాసి మూసేశాను. మొత్తం నాలుగు నిమిషాలు కూడా పట్టలేదు.

ఆగస్టులో ఒక కమిషన్ ఏజెంట్ అమ్మకానికని మూడో చాంబర్ నుంచి టిక్కీలు దింపించాడు. కుట్లు విప్పితే కాయ తెల్లబారి, తొడిమల దగ్గర బూజు పట్టి ఉంది. ఒకటి కాదు, ఏ వరస విప్పినా అంతే. రైతులు గేటు దగ్గరకు వచ్చేశారు. నన్ను పంపించారు.

మూడో చాంబర్‌లోకి అడుగు పెట్టగానే దేవదానం గారు ఫోన్లో చెప్పింది నా ఒంటికీ తెలిసింది. నోటి నుంచి ఆవిరి రాలేదు. నాతో తెచ్చుకున్న థర్మామీటర్ పదిహేడు చూపించింది. బయటికొచ్చి తెర చూస్తే 6.1. సర్వర్ వెనక మూడో చాంబర్ సెన్సర్ వైరు పీకేశాను. తెర మీద 6.0 అయింది, తర్వాత 6.2. వైరు నా చేతిలోనే ఉంది.

తక్కినది పది నిమిషాల పని. ప్రోగ్రాము వెర్షన్ చూశాను, లైవ్‌లో ఉండాల్సిన దానికంటే కొత్తది. రిపోజిటరీ పూర్తి చిరునామా చూపించమని అడిగాను, చివర టెస్ట్ అని వచ్చింది. విడత ఫైలు తెరిచాను. ఒక్క మాట. పెట్టె మీద కుంకుమ బొట్టు ఇంకా ఎర్రగానే ఉంది, ఎవరో రోజూ కొత్తగా పెడుతున్నారు. నా మీద నాకే అసహ్యమేసింది.

మాట మార్చి లైవ్ అని రాశాను, ప్రోగ్రామును పాత వెర్షన్‌కు దించాను, పీకిన వైరు మళ్ళీ బిగించాను. తెర మీద మూడో చాంబర్ అంకె పదిహేడుకు ఎగిరింది. శ్రీధర్ గారికి ఫోన్ చేసి జరిగింది జరిగినట్టు చెప్పాను.

“సెట్టింగ్ సరిచేశావా?”

“చేశానండి.”

“అయితే ఇప్పుడు సిస్టమ్ కరెక్టుగా ఉన్నట్టేగా. మనం రిపోర్టులో రాసేది ఇవాళ్టి సంగతి. ‘సిస్టమ్ తనకిచ్చిన సెట్టింగుల ప్రకారమే పనిచేసింది, తనిఖీ చేసిన రోజు రీడింగులు సరిగా ఉన్నాయి’ అని రాయి. ఇందులో అబద్ధం ఎక్కడుంది చెప్పు?”

“దేవదానం గారు నాకు ముందే ఫోన్ చేశారండీ.”

“సుజాతా, ఇది బయటపడితే నలభై చోట్ల నుంచీ మన పెట్టెలు పీకి రోడ్డు మీద పడేస్తారు. ఆ విడత ఎవరు పెట్టారో కూడా అడుగుతారు. ఆలోచించుకో.”

ఆలోచించుకోవడానికి ఏముంది? భయపడ్డాను. ఆ రెండు వాక్యాలూ రాసి, కింద సంతకం పెట్టి, కంపెనీ ముద్ర వేశాను. నిజంగానే అందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు. సర్వర్ తనకు చెప్పిన పనే చేసింది. అంత శుద్ధమైన మోసం నేను అంతకు ముందు చేయలేదు.

ఆ కాగితం పట్టుకుని మేనేజర్ దేవదానం గారిని ఆఫీసు గదిలోకి పిలిచాడు. నేను అక్కడే ఉన్నాను.

“కంప్యూటర్ బానే ఉందని కంపెనీవాళ్ళు రాసిచ్చారు. ఇంక తప్పెవరిది? ప్లాంటు వదిలేసి ఎక్కడ పడుకున్నావ్?”

“అయ్యగారూ, చలి చాలట్లేదని నేను మీకు చెప్పలేదా? ఈ అమ్మగారికి కూడా ఫోన్ చేశానే!” అని ఆయన నా వైపు తిరిగారు. “చెప్పండమ్మా.”

నేను లాప్‌టాప్ వైర్లు చుట్టుకుంటున్నాను. చుట్టుకుంటూనే ఉన్నాను. మేనేజర్ నన్ను అడగలేదు, నేను తల ఎత్తలేదు. దేవదానం గారు రెండోసారి అడగలేదు. మఫ్లర్ విప్పి మడతపెట్టి సంచిలో పెట్టుకుని వెళ్ళిపోయారు. గేటు దగ్గర రైతులు ఆయన చొక్కా పట్టుకుని గుంజారని మర్నాడు తెలిసింది.

ఈ కోల్డ్ స్టోరేజీల యజమానులంతా బంధువులు, లేకపోతే వియ్యంకులు. మిర్చి బూజు పట్టించిన ఆపరేటర్ అన్న మాట వారంలో జిల్లా అంతా పాకింది. ఏ ప్లాంటూ ఆయన్ని తీసుకోలేదు. నేను ఆ కంపెనీలో ఇంకో పది నెలలు ఉన్నాను. ఆ పది నెలలూ ప్రతి సర్వర్‌లోకీ వెళ్ళి విడత ఫైలు తెరిచి చూసుకున్నాను. అన్నీ లైవే. సరిగ్గా ఉన్నవాటిని మళ్ళీ మళ్ళీ చూసుకోవడం తప్ప నాకు వేరే ధైర్యం లేకపోయింది.

ఉద్యోగం మానేశాక చీమకుర్తి వెళ్ళాను. దేవదానం గారు అక్కడ ఒక గ్రానైట్ కటింగ్ యూనిట్‌లో నీళ్ళ మోటార్లు చూస్తున్నారని వాళ్ళ చర్చి పాస్టరు గారి ద్వారా తెలుసుకున్నాను. రాయి కోసే చప్పుడులో మాటలు వినపడవు. ఆయన నన్ను గుర్తుపట్టి, రోడ్డు పక్క టీ బంకు దాకా తీసుకొచ్చారు. కాళ్ళకు మోకాళ్ళ దాకా తెల్లని రాతి బురద. విడత గురించి, టెస్ట్ గది గురించి, ఉత్తుత్తి అంకెల గురించి మొత్తం చెప్పాను. అరుస్తారనుకున్నాను, అరిస్తే బాగుండుననుకున్నాను.

“అయితే నా ఒళ్ళు కరెక్టుగానే చెప్పిందన్నమాట” అన్నారు.

తర్వాత అడిగారు. “ఇదంతా కాగితం మీద రాసిస్తారా అమ్మా? నేను ఇంకేం అడగను. మళ్ళీ ప్లాంటు మీద నిలబడాలని ఉంది. ఈ నీళ్ళ మోటార్లు ఎవడైనా చూస్తాడు.”

అప్పటికప్పుడు సంచిలోంచి కాగితం తీసి ఒక పేజీ రాసిచ్చాను. ఆయన చదువు వచ్చినవారు. నిదానంగా, వేలు పెట్టుకుని చదివారు. చివరికొచ్చాక మళ్ళీ మొదటికి వెళ్ళి చదివారు.

“అన్నీ రాశారు గానీ, నేను ఫోన్ చేసిన సంగతి లేదేంటమ్మా?”

నిజమే, లేదు. కావాలని వదిలెయ్యలేదని ఇప్పటికీ నాకు నేను చెప్పుకుంటాను, నమ్మకం కుదరదు. ఆయన ఎదురుగానే కింద రాశాను: ‘జూన్‌లో వీరు నాకు ఫోన్ చేసి లోపం ఉందని చెప్పారు. నేను పట్టించుకోలేదు.’ సంతకం పెట్టాను. ఆయన కాగితం మడిచి చొక్కా జేబులో పెట్టుకుని, టీ తాగమన్నారు.

మూడు వారాలకు నరసరావుపేట వైపు ఒక కోల్డ్ స్టోరేజీ యజమాని నుంచి ఫోన్.

“దేవదానం అని ఒకాయన కాగితం తెచ్చాడు, రాసింది నువ్వేనా అమ్మాయ్?”

“నేనేనండి. అందులో ప్రతి మాటా నిజం. ఆయన తప్పు ఏమీ లేదు.”

“మంచిది. కానీ ఆ మిర్చి పాడైన కోల్డ్ స్టోరేజీ మా వియ్యంకుడిది. అప్పట్లో మీ కంపెనీ ఇచ్చిన రిపోర్టు కాపీ నా దగ్గరుంది. దాని కింద కూడా నీ సంతకమే ఉంది. అందులో మిషన్ బాగుందన్నావ్, ఇందులో బాలేదంటన్నావ్. ఏది నమ్మమంటావ్?”

“ఇప్పుడు రాసిందే నిజమండి. అప్పుడు భయపడి అలా రాశాను.”

“ఇప్పుడు ఎవరికి భయపడి రాశావో నాకేం తెలుసు? ఆ చాంబర్లలో ఉండేది ఊళ్ళో జనం పంటమ్మా. నీ మాట మీద మనిషిని పెట్టుకోలేను” అని పెట్టేశాడు. ఆయన్ని తప్పు పట్టలేను. ఆయన స్థానంలో నేనున్నా అదే మాట అందును.

ఇప్పుడు నేను కుర్రకారుకు లినక్స్ నేర్పుతున్నాను. ప్యాకేజ్ మేనేజర్ పాఠం వచ్చినప్పుడు వేరియబుల్స్ గురించి జాగ్రత్తగా చెబుతాను. చిరునామా ఫైలు చూసి ఊరుకోవద్దని, ఖాళీ నిండాక చిరునామా ఎలా మారిందో కూడా చూడమని, సర్వర్‌కు చోటు మారితే దాని వేరియబుల్ ఫైళ్ళన్నీ తెరవమని, ప్రయోగాల గదిలో ఉత్తుత్తి అంకెలు వేసే ప్రోగ్రాము ఉంటే తెర మీద ఎర్రగా ‘ఇది నిజం కాదు’ అని రాయమని చెబుతాను. వాళ్ళు శ్రద్ధగా నోట్సు రాసుకుంటారు. ఆ ఫోను గురించి, ఆ రిపోర్టు గురించి చెప్పాలనుకున్న ప్రతిసారీ గంట అయిపోతుంది, లేదా అయిపోయిందని నేనే అనేస్తాను.

ఆ కేసులో నేను నేర్చుకున్నది ఇది. సర్వర్‌లో తప్పు మాట తీసి ఒప్పు మాట పెట్టడానికి నాకు అర నిమిషం పట్టింది, అది మారు మాట్లాడకుండా నమ్మింది. మనుషులు అలా నమ్మరు, నమ్మకూడదు కూడా. సంతకానికి విలువ పోగొట్టుకున్నది నేనైతే, ఆ విలువ అవసరమైంది దేవదానం గారికి. ఆయన ఇప్పటికీ చీమకుర్తిలో నీళ్ళ మోటార్లే చూస్తున్నారు.